షుగర్, ఒళ్లు, గుండె, మధ్యలో సీసం: ల్యాబ్ కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడలో ఒక చిన్న ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా రక్తం తీస్తున్నాను, స్లైడ్లు చూస్తున్నాను. డాక్టర్‌ని కాదు, ఆ మాట ముందే చెప్తున్నా. పొద్దున ఆరున్నరకే పరగడుపున వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లలో సగానికి పైగా షుగర్ వాళ్లే. చెయ్యి చాపి, పిడికిలి బిగించి, సూది వైపు చూడకుండా ఉండడానికి ఏదో ఒకటి అడుగుతారు. ఈ మధ్య ఫోన్లలో తిరిగే వీడియోల పుణ్యమా అని "హెవీ మెటల్స్", అంటే సీసం లాంటి లోహాలు, అనే మాట మా బెంచీ దాకా వచ్చింది. అందులో నిజం ఎంతో, సరుకు అమ్ముకోవడానికి చెప్పేది ఎంతో విడదీద్దామని రాస్తున్నాను.

లోహాలకూ గుండెకూ ఏం సంబంధం? షుగర్, బీపీ, కొవ్వు చాలవా?

చాలు, అవే పెద్ద దొంగలు. కానీ వాటి వెనకాల ఇంకో ముగ్గురు కూడా ఇంట్లోకి దూరుతున్నారని చాలా ఏళ్లుగా అనుమానం ఉంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ మూడింటినీ పేరుపెట్టి, తక్కువ మోతాదులో ఒంట్లో చేరినా గుండె జబ్బుకు, పక్షవాతానికి, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడానికి దారి తీస్తాయని ఒక ప్రకటన చేసింది.

సీసం చేసే పని కొంచెం చిత్రంగా ఉంటుంది. అది కాల్షియం వేషం వేసుకుంటుంది. ఒళ్లు దాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిచ్చి, ఎముకల్లో దాచిపెడుతుంది, అక్కడ ఏళ్లూ పూళ్లూ కూర్చుంటుంది. రక్తనాళాలు మెత్తగా సాగడానికి నైట్రిక్ ఆక్సైడ్ అనేది కావాలి. సీసం దాన్ని తగ్గిస్తుంది. నాళం బిగుసుకుంటుంది, బీపీ పెరుగుతుంది. కాడ్మియం కిడ్నీలో చేరి పది నుంచి ముప్పై ఏళ్ల దాకా కదలదు, నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది.

అమెరికాలో 14 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2018లో అచ్చు వేసిన ఒక అధ్యయనంలో, రక్తంలో సీసం డెసిలీటరుకు 1 మైక్రోగ్రాము ఉన్నవాళ్ల కంటే 6.7 ఉన్నవాళ్లలో గుండె జబ్బులతో చనిపోయే ప్రమాదం 70 శాతం ఎక్కువగా కనిపించింది. 6.7 అంటే పాత లెక్కల్లో "ఏం పర్లేదు, ఇంటికి పో" అనే అంకె. అందుకే ఇప్పుడు ఈ విషయం మీద ఇంత చర్చ.

మరి షుగర్, లావు ఒళ్లు ఉన్నోళ్లకే ఎందుకు ఎక్కువ దెబ్బ?

గోడకు అప్పటికే చెమ్మ పట్టి ఉంది, పైన వాన కురిసింది, అంతే. షుగర్ వల్ల నాళాల లోపలి పొర ముందే పాడై ఉంటుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఒంట్లో ఒక సన్నని మంటను రాజేస్తూనే ఉంటుంది, డాక్టర్లు దాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. లోహాలు కూడా సరిగ్గా అదే చోట, అదే రకంగా దెబ్బకొడతాయి.

రెండోది కిడ్నీ. సీసం అయినా ఆర్సెనిక్ అయినా బయటికి పోయేది ఎక్కువగా మూత్రంలోనే. షుగర్ కిడ్నీని మెల్లగా తింటుంటే ఆ దారి ఇరుకవుతుంది. వచ్చేది వస్తూనే ఉంటుంది, పోయేది తగ్గుతుంది.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, రక్తహీనత. ఒంట్లో ఐరన్ తక్కువైతే పేగులు ఐరన్ కోసం ఆవురావురుమంటూ దాని పోలికలున్న సీసం, కాడ్మియంలను కూడా లాగేసుకుంటాయి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ఒళ్లు బాగానే ఉండి హిమోగ్లోబిన్ తొమ్మిది దాటనివాళ్లు ఎంతమందో. "ఇంత ఒళ్లుంది, రక్తం లేకపోవడమేంటి తమ్మీ" అంటారు. ఒళ్లు వేరు అక్కా, రక్తం వేరు.

ఒళ్లు అంటే ఎంతో కూడా చెప్పాలి. మనవాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. కింద చూస్తే కాలి వేళ్లు కనిపించని ప్రతి ఒక్కరూ "నేను లావు లేను కదా, పొట్టొక్కటే" అంటారు. ఆ పొట్టే అసలు సంగతి.

లోహాల వల్లనే షుగర్ వస్తుందా?

ఆర్సెనిక్ బాగా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగిన చోట్ల, తైవాన్‌లో, బంగ్లాదేశ్‌లో, షుగర్ కేసులు ఎక్కువగా కనిపించాయి. మన దగ్గర పరిస్థితి అది కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమందికీ లోహాలే కారణమంటే నేను నమ్మను. మూడు పూటలా పళ్లెం నిండా అన్నం, కూర్చుని చేసే పని, ఇంట్లో అమ్మకో నాయనకో ఉండడం, ముందు ఇవి.

మాది మర్రిగూడ. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇప్పుడు అది గుండెకు కూడానా?

నల్గొండలో నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది? వంగిన వెన్నులు, దొడ్డికాళ్లు, గార పట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. కానీ ఫ్లోరైడ్ లోహం కాదు. అది ఎముకలనీ పళ్లనీ పట్టే జబ్బు, దాని లెక్క వేరు. పటికా సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అని పేరుంది, నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. అది ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి పుట్టిన పద్ధతి, సీసం కోసం కాదు.

నాకు అనిపించేది ఒకటుంది. మన భయమంతా బోరు మీదే ఉండిపోయింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకానికి పైలాన్ కట్టి, కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాక కూడా "నీళ్లే, నీళ్ల వల్లే" అంటాం. జేబులో ఉన్న చుట్ట, అలమారలో ఉన్న పొడి డబ్బా, వీధి చివర బ్యాటరీ షాపు మాత్రం కళ్లకు ఆనవు. లోహాల విషయంలో నేనైతే ముందు అవే వెతుకుతాను, బోరు తర్వాత.

యురేనియం సంగతి?

పెద్దవూర దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం నిల్వలున్న మాట నిజం, నల్లమలలో తవ్వొద్దని 2019 సెప్టెంబర్‌లో శాసనసభ తీర్మానం చేసిన మాటా నిజం. తవ్వకపోయినా రాతి స్వభావాన్ని బట్టి కొన్ని బోర్లలోకి యురేనియం కొద్దికొద్దిగా దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లలోని యురేనియం మొదట పట్టేది కిడ్నీని. షుగర్ వాళ్లకు కిడ్నీ ముందే సున్నితం కాబట్టి, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు భగీరథ నీళ్లు వదిలి బోరు నీళ్లు తాగాల్సిన పనిలేదు.

అయితే ఒంట్లోకి ఎక్కడి నుంచి వస్తాయి?

బండిలో పోసే పెట్రోల్‌లో సీసం కలపడం 2000లోనే ఆపేశారు, అది పెద్ద మేలు. ఇప్పుడు మిగిలినవి చిన్నచిన్న దారులు.

బ్యాటరీ పని. ఇన్వర్టర్, ఆటో, ట్రాక్టర్ బ్యాటరీలు విప్పి, ప్లేట్లు తీసి, రేకుల షెడ్డులో సీసం కరిగించే చోట్లు మీరూ చూసే ఉంటారు. మా వీధికి రెండు వీధుల అవతల ఒకటుండేది. అక్కడ పనిచేసే పిల్లవాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, చేతిని ప్యాంటుకు ఒకసారి తుడుచుకుని, పప్పన్నం కలుపుకుని తినేవాడు. వేళ్ల సందుల్లో బూడిద రంగు. ఆ బూడిదే సీసం. అదే ప్యాంటుతో ఇంటికి పోయి చెల్లెల్ని ఎత్తుకునేవాడు.

రంగులు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదని 2017 నవంబర్ నుంచి నియమం అమల్లోకి వచ్చింది. కానీ పాత తలుపుల మీది పాత రంగు అలాగే ఉంది, పండక్కి గీకేటప్పుడు లేచే దుమ్ములో అంతా అదే. తడిపి గీకండి, పిల్లల్ని అవతలికి పంపండి.

పసుపు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు పూయడం బంగ్లాదేశ్‌లో పెద్ద ఎత్తున బయటపడింది, పట్నాలో అమ్మిన పసుపులో కూడా దొరికింది. కొమ్ముల మీదే పూస్తారు కాబట్టి "నేను కొమ్ములు కొని పట్టించుకుంటా" అంటే సరిపోదు. మరీ నిగనిగలాడే పచ్చ కొమ్ములు వద్దు, మట్టి రంగులో కాస్త వికారంగా ఉన్నవే మేలు.

కొన్ని సింధూరాల్లో, కొన్ని సుర్మాల్లో కూడా సీసమే ఉంటుంది. బొట్టు పెట్టుకుని అదే చేత్తో నోట్లో పెట్టుకునే పిల్లలు జాగ్రత్త. హైదరాబాద్ దిగువన మూసీ మురుగు నీళ్లతో పండే ఆకుకూరల్లోనూ లోహాలు దొరికాయి. అలాగని షుగర్ వాళ్లు ఆకుకూర మానొద్దు, ఎక్కడ పండిందో అడిగి కొనండి, మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్లు పోసి కడగండి.

సిగరెట్ కాదు సార్, ఎప్పుడో ఒక చుట్ట. అది కూడానా?

అది కూడా. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి లాగి పెట్టుకుంటుంది. చుట్ట, బీడీ, సిగరెట్, పేరు ఏదైనా ఆకు అదే. పొగతో పోయింది తిండితో పోయినదానికంటే చాలా ఎక్కువగా రక్తంలో కలుస్తుంది, అందుకే పొగ తాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం తాగనివాళ్ల కంటే రెట్టింపు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. షుగర్ ఉండి, కాళ్లు తిమ్మిర్లు పట్టి, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసే మనిషి చుట్ట కాలుస్తుంటే, ఇక బోరు నీళ్ల టెస్టు ఎందుకు చెప్పండి.

ఆయుర్వేదం పొడి వాడితే షుగర్ తగ్గింది. అందులో లోహాలుంటాయా?

ఈ ప్రశ్నకు మా ఇంటి కథే జవాబు.

మా మేనమామ దేవరకొండ వైపు. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది, ఒకసారి స్టెంట్ కూడా పడింది. ఎవరో చెప్తే ఒక నాటువైద్యుడి దగ్గర నల్లటి పొడి తెచ్చుకున్నాడు, తేనెలో కలిపి రోజుకు రెండుసార్లు. దాంతోపాటు ఇంగ్లిష్ మందులు ఆపమన్నాడట, ఆపేశాడు. మూడు నెలలకు కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, మొహం పాలిపోయింది. స్కానింగ్‌లో ఏమీ లేదు. గ్యాస్ అని రెండుసార్లు మందులిచ్చి పంపారు.

మా ల్యాబ్‌కు వస్తే రక్తం తీసి స్లైడ్ వేశాను. మైక్రోస్కోప్ కింద ఎర్రకణాల్లో సన్నని నీలం చుక్కలు, ఎవరో ఇంకు చిలకరించినట్టు. తలసీమియాలో కూడా అలా కనిపించొచ్చు, కానీ ఆయనకు అది లేదు. నేను చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూశాను తప్ప అంత స్పష్టంగా అదే మొదటిసారి. డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. లెడ్, అంటే సీసం, టెస్టుకు శాంపిల్ హైదరాబాద్ పంపితే డెసిలీటరుకు 62 మైక్రోగ్రాములు వచ్చింది. ఐదు దాటితేనే ఎక్కడి నుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బీపీ కూడా అంతకుముందు ఎప్పుడూ లేనంత ఉంది.

పొడి ఆపేశారు, ఆస్పత్రిలో ఉంచి మందు ఇచ్చారు, మనిషి నిలబడ్డాడు. షుగర్ మాత్రం ఆ మూడు నెలల్లో నాలుగు వందలు దాటి కూర్చుంది.

శాస్త్రంలో నాగ భస్మం అంటే సీసం, రస ఔషధం అంటే పాదరసం. ఇవి దాచిన విషయాలు కావు, పేరులోనే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2008లో ఒక అమెరికా పత్రికలో వచ్చింది. అన్ని మూలికలూ చెడ్డవని అనను. మెంతులు నానబెట్టుకుని తినండి, కాకరకాయ వండుకోండి. లేబుల్ లేని నల్లపొడి, ఎర్రపొడి మాత్రం వద్దు. ఇప్పటికే వాడుతుంటే డబ్బాతో సహా తెచ్చి మీ డాక్టర్‌కు చూపించండి, తిడతారని దాచకండి.

బియ్యంలో ఆర్సెనిక్ ఉంటుందట. అన్నం మానెయ్యాలా?

నీళ్లు నిలిచే పొలంలో పెరుగుతుంది కాబట్టి వరి మిగతా పంటల కంటే ఎక్కువ ఆర్సెనిక్ పీలుస్తుంది, నిజమే. గంగ ఒడ్డున, బెంగాల్, బిహార్ వైపు నేలలోనే అది ఎక్కువ. సాగర్ ఎడమ కాల్వ కింద పండే మన బియ్యానికి ఆ భయం పెట్టుకోవక్కర్లేదు.

అయినా ఒక మంచి అలవాటు మనకు ఉండేది, కుక్కర్లు వచ్చాక పోయింది. ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చడం. అలా వండితే ఆర్సెనిక్ చెప్పుకోదగ్గంత తగ్గుతుంది, నీళ్లు మంచివైతే. కొన్ని విటమిన్లు కూడా గంజితో పోతాయి, అది కూడా చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు అన్నంలో ఆర్సెనిక్ కంటే అన్నం కొలతే పెద్ద సమస్య. పాలమూరులో మొన్న మొన్నటి దాకా జొన్న రొట్టె, తైదంబలే (రాగి అంబలి) కదా తిండి. రాత్రి పూటకైనా రొట్టె పెట్టుకుంటే రెండు పనులూ అవుతాయి.

నేను లెడ్ టెస్టు చేయించుకోవాలా?

అందరికీ అక్కర్లేదు. ల్యాబ్‌లో ఉండి ఈ మాట అనడం మా ఓనర్‌కు నచ్చదు గానీ.

బ్యాటరీ, వెల్డింగ్, రంగుల పని, పాత ఇనుప సామాను పని చేసేవాళ్లు, పొడులు వాడినవాళ్లు, కారణం తెలియని రక్తహీనతో కడుపునొప్పో ఉన్నవాళ్లు, మందులు వాడుతున్నా బీపీ లొంగనివాళ్లు, వీళ్లు డాక్టర్‌ను అడిగి చేయించుకోవచ్చు. చేతి నరం నుంచి తీసిన రక్తమే ఇవ్వండి. రక్తంలో సీసం గత నెలా రెండు నెలల కథ చెప్తుంది, ఎముకలో దాగింది చెప్పదు. కాడ్మియానికి మూత్రం మేలు. ఆర్సెనిక్‌కు కూడా మూత్రమే, కానీ అంతకుముందు మూడు నాలుగు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు తినకూడదు, తింటే ప్రమాదం లేని రకం ఆర్సెనిక్ కూడా లెక్కలోకి వచ్చి అంకె ఊరికే పెరుగుతుంది, మీకు టెన్షన్. వెంట్రుకలు కత్తిరించి పంపే టెస్టుల మీద డబ్బులు తగలెయ్యకండి.

ఇంకో మాట, ఆడవాళ్లకు. నెలసరి ఆగిపోయాక ఎముకలు అరుగుతాయి, దాంతో చిన్నప్పటి నుంచి అందులో దాగిన సీసం కొంత రక్తంలోకి దిగుతుంది. అప్పటిదాకా లేని బీపీ ఆ వయసులో రావడానికి పది కారణాల్లో అదీ ఒకటి కావచ్చు.

చీలేషన్ చేయించుకుంటే బ్లాకులు కరుగుతాయట, ఆపరేషన్ అక్కర్లేదట?

ఈ ప్రకటన చూసి పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి మా బెంచీ మీద కూర్చున్నాడు, అందుకే కాస్త పొడుగ్గా చెప్తా.

చీలేషన్ అంటే లోహాలను పట్టుకుని మూత్రంలోకి లాగే మందును సెలైన్‌లో ఎక్కించడం. సీసం విషంగా మారినప్పుడు చీలేషనే వైద్యం, మా మామకు ఇచ్చింది అలాంటిదే. గుండెకు పనికొస్తుందా అని అమెరికాలో గట్టిగానే చూశారు. 2013లో వచ్చిన మొదటి ప్రయోగంలో, గుండెపోటు వచ్చి బతికిన 1,708 మందిలో కొంత మేలు కనిపించింది, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. అందరూ ఆశ్చర్యపోయారు. సరే, షుగర్ ఉన్నవాళ్ల మీదే మళ్లీ చేద్దామని రెండో ప్రయోగం పెట్టారు. వారానికొకటి చొప్పున 40 సెలైన్లు. 2024లో ఫలితం వచ్చింది. రక్తంలో సీసం 60 శాతం దాకా పడిపోయింది. గుండెపోట్లు, పక్షవాతాలు, చావులు మాత్రం తగ్గలేదు.

అంటే లోహం తగ్గినా నాళానికి జరిగిన నష్టం వెనక్కి రాలేదు. రాకముందే ఆపడం వేరు, వచ్చాక కడగడం వేరు. పైగా ఆ మందుల్లో ఒక రకం తప్పుగా ఎక్కిస్తే కాల్షియం ఒక్కసారిగా పడిపోయి మనుషులు చనిపోయిన సంఘటనలు అమెరికాలోనే నమోదయ్యాయి. ఇప్పటికి చేతిలో ఉన్న లెక్క ప్రకారం బ్లాకుల కోసం చీలేషన్‌కు డబ్బు పెట్టడం దండగ. డీటాక్స్ జ్యూసులు, పాదాలకు అంటించే పట్టీల గురించి మాట్లాడను కూడా.

బరువు తగ్గితే కొవ్వుతో పాటు లోహాలు కూడా పోతాయా?

పోవు. ఇవి కొవ్వులో ఉండేవి కావు, సీసం ఎముకలో, కాడ్మియం కిడ్నీలో ఉంటాయి. బరువు తగ్గాల్సింది గుండె కోసం, షుగర్ కోసం. తగ్గండి.

ఆర్‌వో పెట్టించుకుంటే సరిపోతుందా? నీళ్లు కాచి తాగుతాం కదా?

కాచితే క్రిములు చస్తాయి, లోహం చావదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో సీసం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ చాలావరకు ఆపుతుంది, ఫిల్టర్ సమయానికి మారిస్తే. మార్చిన తేదీ మిషన్ మీద మార్కర్‌తో రాసుకోండి.

మేం బొంబాయిలో బిల్డింగ్ పని చేసి ఇప్పుడే నారాయణపేటకు తిరిగొచ్చాం. ఏం చూసుకోవాలి?

పాలమూరు నుంచి వలస పోయినవాళ్లలో రంగులు గీకడం, పాత గోడలు కూల్చడం, వెల్డింగ్ చేసినవాళ్లు చాలామంది. నలభై ఏళ్లకే బీపీ, షుగర్‌తో తిరిగొస్తారు, ఏ పని చేశారో డాక్టర్ అడగరు, వీళ్లు చెప్పరు. చెప్పండి అన్నా. చీటీలో "మేస్త్రీ పని" అని కాకుండా ఏ పని, ఎన్నేళ్లు అన్నది చెప్తే డాక్టర్ ఆలోచన మారుతుంది. ఇంకా అదే పనిలో ఉన్నవాళ్లు తినేముందు సబ్బుతో చేతులు కడగాలి, పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు.

లోహాల వల్లనే అయితే షుగర్ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు ఆపొచ్చా?

మా మామ కథ మళ్లీ చదవండి. ఆపొద్దు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బీపీ, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, ముందు ఈ టెస్టులు, వీటి తర్వాతే లోహాలు. ఇంకోటి, షుగర్ వాళ్లకు గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి లేకుండానే ఆయాసం, చెమటలు, నీరసంతో పోతుంది ఒక్కోసారి. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీయించండి.

ఇంట్లో గిన్నెలు మార్చాలా?

స్టీల్‌కు భయం లేదు. తుక్కు కరిగించి పోసే చవకరకం సిల్వర్ (అల్యూమినియం) గిన్నెల్లో సీసం కలిసి ఉండొచ్చు. మన దేశం నుంచి పోయిన అలాంటి కొన్ని గిన్నెల్లో వండితే తిండిలోకి సీసం దిగుతోందని 2025లో అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చింతపండు పులుసు, టమాటా, పచ్చిపులుసు, పులుపున్నదేదైనా వాటిలో రాత్రంతా ఉంచకండి. ఇత్తడి గిన్నెకు కళాయి పూతలో తగరం ఉండాలి, కొందరు చవక కోసం సీసం కలుపుతారు. మా అమ్మ ఇత్తడి గిన్నెకు కళాయి పోయి చాలా ఏళ్లయింది, నమ్మకంగా పూసేవాడు మా ఊళ్లో ఇప్పుడు లేడు. అందులో బియ్యం పోసి పెట్టింది, వండటం లేదు.